ధార సరే, ధారణ ఏదీ?

అవధానం చేసే కవికి ధార, ధారణ అని రెండు శక్తులు ఉండాలంటారు. ధార అంటే అడిగిందే తడవుగా పద్యం జలజల సాగిపోవడం. ధారణ అంటే పృచ్ఛకులకు విడివిడిగా చెప్పిన పాదాలన్నిటినీ సభ చివర వరుస తప్పకుండా అప్పగించడం. ధార ఒక్కటే ఉన్నవాణ్ణి ఆశుకవి అని గౌరవిస్తాం గాని, అవధాని అనం. అంతర్జాలంలో రేడియో ప్రసారం వచ్చే తీరును స్ట్రీమింగ్ అంటున్నారు. పండితుడి చాదస్తం అనుకోకపోతే దానికి నేను 'ధార' అన్న మాటే వాడుకుంటాను. ఆ ధారను పట్టి దాచుకునే రికార్డింగుకు 'ధారణ' కంటె మంచి మాట నాకు తోచలేదు. ఇరవై ఏళ్లకు పైగా కంప్యూటరు మీద రేడియో వింటున్నవాడిగా నేను చెప్పదలచుకున్నది ఇదీ: మన చేతికి వస్తున్న రేడియో సాఫ్టువేర్లలో ధార నానాటికీ మెరుగవుతున్నది, ధారణ నానాటికీ కరవవుతున్నది. ఈ సంగతి మనలో ఎవరికీ పెద్దగా పట్టినట్టు లేదు.

ధార మెరుగైందన్న మాట కాదనను. మా ఊళ్లో మీడియం వేవు మీద విజయవాడ కేంద్రాన్ని పట్టుకోవడం ఇప్పుడొక తపస్సు. ఎల్ఈడీ బల్బు వెలిగించినా, ఫోను చార్జరు గోడకు తగిలించినా గురగుర మొదలవుతుంది. అదే కేంద్రం అంతర్జాలంలో తేటనీరులా వినిపిస్తుంది. డాలస్‌లో ఉన్నవారికీ, దుబాయిలో ఉన్నవారికీ అంతే. 1995లో రియల్ ఆడియో వచ్చినప్పుడు టెలిఫోను తీగ మీద మనిషి గొంతు వినిపించడమే అద్భుతం. 1997లో విన్యాంపు, ఆ వెనకే షౌట్‌కాస్ట్ వచ్చాయి. కంప్యూటరు ఉన్నవాడెవడైనా ఇంట్లోనే చిన్న రేడియో కేంద్రం పెట్టుకోవచ్చునన్నారు, చాలామంది పెట్టారు కూడా. డయలప్ రోజుల్లో అరనిమిషం పాట, నిమిషం 'బఫరింగ్'. ఆ మాట అర్థం తెలియకముందే దాని మీద అసహ్యం పుట్టింది నాకు. ఈనాటి పిల్లలకు ఆ బాధ చెబితే కట్టుకథ అనుకుంటారు.

ఇక ధారణ సంగతికి వస్తాను. 1980లలో కాస్త స్తోమత ఉన్న మధ్యతరగతి ఇళ్లలో టూ-ఇన్-వన్ అనే పెట్టె ఉండేది. రేడియో, టేపురికార్డరు ఒకే ఒంట్లో. ఎర్రమీటనూ, దాని పక్కనున్న ప్లే మీటనూ కలిపి నొక్కితే రేడియోలో వస్తున్నది వస్తున్నట్టే క్యాసెట్టు మీదికి దిగేది. సీ-60 క్యాసెట్టుకు ఒక్కో వైపు అరగంట. ఆకాశవాణి కార్యక్రమాలూ పావుగంట, అరగంట కొలతల్లోనే ఉండేవి గనుక ఆ జోడి చక్కగా కుదిరింది. నేను బడిలో పద్యపఠనం నేర్పేటప్పుడు ఎన్నోసార్లు ఆ క్యాసెట్లే నాకు సహాధ్యాపకులు. గొప్ప గాయకుడు రాగం తీస్తుంటే మధ్యలో మా వంటింటి కుక్కరు కూత కూడా వాటిలో పడేదనుకోండి, పిల్లలు నవ్వేవారు. ఆ నవ్వుతోనే పద్యం గుర్తుండిపోయిన పిల్లలూ ఉన్నారు.

ఆ పెట్టెను తయారుచేసినవాడు శ్రోత అంటే వినేవాడే కాదు, నచ్చినదాన్ని దాచుకునేవాడు కూడా అని గుర్తించాడు. ఈనాడు మన చేతిలో ఉన్న ఫోను శక్తి ముందు ఆ పెట్టె ఆటబొమ్మ. అయినా ఈ ఫోనులో రేడియో కోసం వేసుకునే యాప్‌లలో ఎక్కువవాటికి ఉన్నవి రెండే మీటలు: మోగించు, ఆపు. ఎర్రమీట మాయమైంది. ఇది చేతకాక జరిగింది కాదు. ధ్వని అప్పటికే అంకెల రూపంలో మీ ఫోనులోకి వచ్చి పడుతున్నది. దాన్ని వినిపించి పారేయడం ఎంత పనో, వినిపిస్తూ ఒక ఫైలులో వ్రాసిపెట్టడం ఇంచుమించు అంతే పని. లేనిది ఆ ఉద్దేశమే. దాచుకున్నవాడు మళ్లీ మన వాకిట్లోకి రాడు కదా, ప్రకటన చూడడు కదా అన్న లెక్క కొందరిది. పాటల హక్కుదారులతో గొడవ ఎందుకన్న భయం కొందరిది. మిగిలినవారికి అసలు ఆ ఆలోచనే రాలేదని నా అనుమానం.

ధార వచ్చే పద్ధతి కూడా మారింది. పాత షౌట్‌కాస్ట్ ధార కుళాయి నీరులా ఏకబిగిన వచ్చేది, కింద బిందె పెడితే నిండేది. 2009లో యాపిల్ సంస్థ ప్రవేశపెట్టిన హెచ్ఎల్ఎస్ పద్ధతి వేరు. ఇందులో ప్రసారాన్ని కొన్ని సెకన్ల ముక్కలుగా తరుగుతారు. ఏ ముక్క తర్వాత ఏ ముక్కో తెలిపే చిన్న పట్టీ ఒకటి ఉంటుంది, దాని పేరు చివర ఎం3యు8 అని కనిపిస్తుంది. ప్రత్యక్ష ప్రసారంలో కొత్త ముక్కలు చేరుతుంటే పాతవి పట్టీలోంచి జారిపోతుంటాయి. విస్తట్లో ఒక వైపు వడ్డిస్తూ, రెండో వైపు నుంచి ఎత్తేస్తున్నట్టు. ఆ పట్టీ చిరునామా తెలిస్తే మంచి సాఫ్టువేరు ముక్కలన్నీ ఏరి, వరుసగా కుట్టిపెడుతుంది. చిరునామాను యాప్ తన కడుపులో దాచుకుంటే శ్రోత చేతికి ఏమీ రాదు.

పాటలు ఎక్కడైనా దొరుకుతాయి కదా, రేడియో నుంచి పట్టుకోవడం దేనికి అంటారు. నిజమే. ఘంటసాల సినిమా పాట కోసం ఈ రోజున ఎవరూ రేడియో ముందు కాపలా కాయనక్కరలేదు. నా దిగులు పాట గురించి కాదు, మాట గురించి. సాహిత్య ప్రసంగం, వృద్ధ కళాకారుడితో ముఖాముఖి, రైతుల కార్యక్రమంలో ఒక పల్లెటూరి రైతు చెప్పిన నాలుగు మాటలు, సమస్యాపూరణం—వీటికి క్యాసెట్టు కంపెనీలు లేవు, అంగడి లేదు. ఒకసారి ప్రసారమవుతాయి, గాలిలో కలిసిపోతాయి. ఆకాశవాణి అన్న పేరు 1935లో మైసూరులో ఆచార్య ఎం.వి. గోపాలస్వామి నెలకొల్పిన కేంద్రానిది. తరువాత అది దేశమంతటికీ పేరైంది. భాగవతంలో కంసుడికి వినిపించిన ఆకాశవాణి ఒక్కసారే వినిపించింది, మళ్లీ చెప్పమనడానికి వీలులేదు. మన ఆకాశవాణి మరీ అంత సార్థకనామధేయం కానక్కరలేదు.

సమస్యాపూరణం గురించి ఒక్కమాట. ఆకాశవాణిలో సమస్య ఇస్తే ఊరూరి నుంచి పద్యాలు వెళతాయి. పంపినవారిలో పేరున్న అవధానులూ ఉంటారు, యతిప్రాసలు అప్పుడప్పుడే పట్టుబడుతున్న కుర్రవాళ్లూ ఉంటారు. తన పద్యం, తన ఊరి పేరుతో సహా రేడియోలో చదివితే వినడం కంటె పెద్ద సన్మానం ఆ కుర్రవాడికి లేదు. అచ్చయిన పద్యం కళ్ల ముందు ఉంటుంది. రేడియోలో చదివిన పద్యానికి ఎవరో ఒకరు పట్టి ఉంచితే తప్ప ఆనవాలే లేదు. పద్యాన్ని చదివిన తీరు, పాదం ఎక్కడ విరిచారు, సమాసం దగ్గర గొంతు ఎలా నిలిపారు అన్నవి కాగితం మీద ఎన్నటికీ ఉండవు. తెలుగు పద్యపఠన సంప్రదాయానికి రేపు ఆధారాలు వెదికేవారికి దొరకవలసినవి ఇవే.

నా పాత సహోద్యోగి ఒకరు శ్రీకాకుళం జిల్లావారు, నాలాగే తెలుగు పండితులు. ఒకసారి రేడియోలో పావుగంట ప్రసంగం చేశారు. విషయం, తమ వైపు వరిసేద్యంలో వాడే మాటలు. గోదావరి వైపు ఊడ్పులు అనేవాటిని, ఇంకొన్నిచోట్ల నాట్లు అనేవాటిని అక్కడ ఉభాలు అంటారు. అట్లాంటి మాటలు ఒక్కొక్కటే తీసుకొని, ఆ మాట పలికే యాసతో సహా చెప్పారు. సభల్లో గ్రాంథికం తప్ప మాట్లాడని మనిషి, ఆ రోజు వాళ్ల అమ్మగారు మాట్లాడే తెలుగు మాట్లాడారు. ప్రసారం పొద్దున ఏడుంబావుకు. న్యూజెర్సీలో ఉన్న వాళ్లమ్మాయికి అది వేసవి రాత్రి పావుతక్కువ పది. ఆ అమ్మాయి పిల్లల్ని పడుకోబెట్టి, కంప్యూటరులో వీఎల్‌సీ తెరిచి, నాన్నగారి మాట వింటూనే పట్టి ఉంచింది. ఆయన 2021లో పోయారు. వాళ్లింట్లో ఆయన గొంతు నిమిషం మించి ఉన్నది ఆ ఒక్క ఫైలులోనే. తక్కినవన్నీ ఫోనులో పెళ్లిళ్ల వీడియోలు, వాటిలో ఆయన మాటకంటె సన్నాయి ఎక్కువ. కుటుంబానికి అది తండ్రి గొంతు. నాకు అది అంతకు తోడు ఒక మాండలికానికి పావుగంట సాక్ష్యం. ఆ అమ్మాయి ఆ రాత్రి ఎర్రచుక్క నొక్కకపోతే రెండూ లేవు.

ప్రసారం చేసినవారి దగ్గర ఉండదా అని అడగవచ్చు. ఉండవచ్చు, ఉండకపోవచ్చు. శ్రోత దాన్ని నమ్ముకొని కూర్చోకూడదు అనడానికి దూరదేశపు ఉదాహరణ చెబుతాను. బ్రిటనులో బీబీసీ 1960లు, 1970లలో చాలా కార్యక్రమాల టేపులను చెరిపి మళ్లీ వాడుకున్నది. టేపు ఖరీదైనది, దాచడానికి చోటు తక్కువ. ఆ విధంగా 'డాక్టర్ హూ' అన్న టీవీ ధారావాహికలో ఎన్నో భాగాల బొమ్మ పోయింది. అయితే అట్లా పోయిన భాగాలన్నిటికీ శబ్దం మాత్రం ఈనాడు వినవచ్చు. ఎందుకంటే ఆ రోజుల్లో ఇళ్లలో కూర్చొని చూసిన అభిమానులు టీవీ దగ్గర టేపురికార్డరు పెట్టి పట్టుకున్నారు. అంత పెద్ద సంస్థ పోగొట్టుకున్నదాన్ని ఇంటి పిల్లలు నిలబెట్టారు. మన దగ్గరకు వస్తే, 'ఈమాట' అంతర్జాల పత్రికలో మనం వినగలుగుతున్న పాత రేడియో నాటకాలూ, లలితగీతాలూ, ప్రసంగాలూ ఉన్నాయి కదా. శ్రద్ధగల వ్యక్తులు సేకరించి, దాచి, పంచుకోబట్టి కదా అవి మన చెవిన పడ్డవి.

యూట్యూబు ఉండగా ఈ తిప్పలెందుకు అన్నది మరో మాట. కొన్ని ఆకాశవాణి కేంద్రాలు కార్యక్రమాలు అక్కడ పెడుతున్నాయి, సంతోషం. కాని అక్కడ ఉండేది ఎవరో పెట్టినది, వారు ఉండనిచ్చినంత కాలం. పెట్టినవారే తీసేయవచ్చు, ఖాతా మూతపడవచ్చు. మళ్లీ బీబీసీనే చెప్పుకోవాలి. జరిగిపోయిన కార్యక్రమాలను తీరికగా వినడానికి 2002 నుంచీ వీలు కల్పించిన సంస్థ అది. అటువంటి సంస్థే 2025 జూలైలో తన 'సౌండ్స్' సేవను బ్రిటను బయటి శ్రోతలకు మూసివేసింది. వారి కారణాలు వారికి ఉంటాయి, ఆ దేశపు లైసెన్సు సొమ్ముతో నడిచే సంస్థ. కాని విదేశంలో ఉండి దాన్ని అలవాటు చేసుకున్నవాడి గతి ఏమిటి? వినడానికి ఇచ్చింది వేరు, చేతికి ఇచ్చింది వేరు.

సరే, సాఫ్టువేర్ల మాట. నేను వాడి చూసినవే చెబుతాను.

ఒకప్పుడు స్ట్రీమ్‌రిప్పర్‌కు పెద్ద పేరు. షౌట్‌కాస్ట్ ధారలో పాటతో పాటు పాట పేరు కూడా వస్తుంది. ఆ పేరు మారినప్పుడల్లా ఇది కొత్త ఫైలు మొదలుపెట్టేది. రాత్రి నడిపించి పడుకుంటే పొద్దునకు యాభై పాటలు పేర్లతో సహా వరుసగా ఉండేవి. చూసి ముచ్చటపడని వారు లేరు. నాకు మాత్రం ఆ తెలివి పనికిరాలేదు. హరికథను ఎక్కడ తెంపుతుంది? ముఖాముఖికి మధ్యలో పేరేముంటుంది? రికార్డింగు సాఫ్టువేర్లు వ్రాసినవారిలో చాలామంది రేడియో అంటే పాటల పెట్టె అనుకొని వ్రాశారు. ముక్కల ధార వచ్చాక, ఏళ్లుగా కొత్త కూర్పు లేని ఈ సాఫ్టువేరు ఎలాగూ వెనకబడిపోయింది.

నా ఓటు వీఎల్‌సీకి. పారిస్ దగ్గరి ఒక ఇంజనీరింగు కళాశాలలో 1996లో విద్యార్థుల పనిగా మొదలై, 2001 నుంచి స్వేచ్ఛా సాఫ్టువేరుగా అందరికీ దొరుకుతున్నది. రోడ్డు పని జరిగేచోట పెట్టే నారింజరంగు శంకువు దీని గుర్తు. అందరూ దీన్ని సినిమాలు చూడడానికే వాడతారు. కాని 'మీడియా' జాబితాలో 'ఓపెన్ నెట్‌వర్క్ స్ట్రీమ్' అన్నచోట రేడియో ధార చిరునామా అతికిస్తే రేడియో మోగుతుంది. 'వ్యూ' జాబితాలో 'అడ్వాన్స్‌డ్ కంట్రోల్స్' అన్నదానికి టిక్కు పెడితే కింద ఒక ఎర్రచుక్క ప్రత్యక్షమవుతుంది. అదే మన టూ-ఇన్-వన్ ఎర్రమీట. ఒకసారి నొక్కితే మొదలు, మళ్లీ నొక్కితే ముగింపు. వచ్చిన ధ్వనిని వచ్చినట్టే వ్రాస్తుంది గనుక నాణ్యం తగ్గదు. ఇంత మంచి మీటను ఇంత లోపల ఎందుకు దాచారో ఆ మహానుభావులకే తెలియాలి.

మనం నిద్రలో ఉన్నప్పుడో, ఊళ్లో లేనప్పుడో పట్టుకోవాలంటే ఎఫ్ఎఫ్ఎంపెగ్ ఉత్తమం. 2000లో ఫాబ్రిస్ బెల్లార్డ్ మొదలుపెట్టినది. దీనికి మీటలు, కిటికీలు లేవు, ఆజ్ఞ వ్రాసి ఇవ్వాలి. చూడగానే భయం వేస్తుంది గాని, అందులో చెప్పేది మూడే సంగతులు: ఏ చిరునామా నుంచి, ఎన్ని సెకన్లు, ఏ పేరుతో. అరగంటకు 1800 సెకన్లు. 'కాపీ' అన్న మాట చేరిస్తే ధ్వనిని మళ్లీ వండకుండా ఉన్నదున్నట్టు దించుతుంది. ఆ ఆజ్ఞను విండోసులో టాస్క్ షెడ్యూలరుకో, లినక్సులో క్రాన్‌కో అప్పగిస్తే రోజూ అదే వేళకు అదే చేస్తుంది. విజయవాడలో పొద్దున ఆరున్నర అంటే అమెరికా తూర్పు తీరంలో ముందురోజు రాత్రి ఎనిమిదో తొమ్మిదో, కాలిఫోర్నియాలో సాయంత్రం ఐదో ఆరో, ఆఫీసు నుంచి ఇంటికి వచ్చే దారి. అక్కడివారికి ఇది వరం. ఒక జాగ్రత్త: ముక్కల ధార అసలు ప్రసారం కంటె అరనిమిషం వెనకగా రావడం మామూలు. అందుచేత ముగింపు వేళకు రెండు నిమిషాలు కలిపి పెట్టుకోవాలి. లేకపోతే చివరి మాట దగ్గర గొంతు నొక్కినట్టవుతుంది.

చిరునామా ఏ విధంగానూ దొరకనప్పుడు ఆడాసిటీ ఉంది. విండోసులో దీనికి 'లూప్‌బ్యాక్' దారి చూపితే కంప్యూటరులో మోగేదంతా పట్టుకుంటుంది. అంతా అంటే అంతా. త్యాగరాజ కీర్తన మధ్యలో వాట్సాప్ టింగుమంటే అదీ పడుతుంది. కుక్కరు కూత కంటె ఇది ఘోరం, కుక్కరులో అన్నమైనా ఉడికేది. ఫోనువారికి రేడియోడ్రాయిడ్ ఉన్నది. ఇది స్వేచ్ఛా సాఫ్టువేరు, దీనికి రికార్డు మీట ఉంది. శ్రోతలే చేర్చి నిలబెట్టుకుంటున్న 'రేడియో బ్రౌజర్' అన్న పట్టిక నుంచి కేంద్రాల చిరునామాలు తెచ్చుకుంటుంది. ఆ పట్టికలో తెలుగు కేంద్రాల చిరునామాలు మారినప్పుడు సరిదిద్దడం మనవంటివారు చేయదగిన పని.

ఇదంతా దొంగతనం కాదా అని నిజాయితీపరులైన మిత్రులు సంకోచిస్తారు. నేను న్యాయవాదిని కాను, అయినా చట్టం చదువుకోవడానికి పట్టా అక్కరలేదు. మన 1957 నాటి కాపీరైటు చట్టంలోని 37వ సెక్షను ప్రసార సంస్థకు తన ప్రసారం మీద 25 ఏళ్ల హక్కు ఇస్తున్నది. ఆ వెంటనే 39వ సెక్షను, రికార్డు చేసుకునేవాడు తన సొంత వాడకానికి చేసుకునే రికార్డింగూ, కేవలం నిజమైన బోధన కోసం, పరిశోధన కోసం చేసే రికార్డింగూ ఆ హక్కుకు భంగం కాదని చెబుతున్నది. అంటే మన టూ-ఇన్-వన్‌ను చట్టం ఎన్నడో మన్నించింది. దాన్ని తిరిగి పదిమందికి ప్రసారం చేయడం, అమ్ముకోవడం పూర్తిగా వేరు. తాళం వేసినచోట తాళం పగలగొట్టడమూ వేరు, 2012 సవరణతో వచ్చిన 65ఏ సెక్షను దాని సంగతి చూసుకుంటుంది. బాహాటంగా వచ్చే ఆకాశవాణి ధారను మన ఇంట్లో మనం వినడానికి పట్టుకోవడంలో సంకోచపడవలసింది నాకు కనబడదు.

పైగా ఆకాశవాణి ప్రజల సొమ్ముతో నిలిచిన సంస్థ. 1948 డిసెంబరులో విజయవాడ కేంద్రం మొదలైన నాటినుంచి, అంతకు ముందు 1938లో మద్రాసు కేంద్రం మొదలైన నాటినుంచి తెలుగు వినిపించిన గొంతులను తలచుకుంటే ఎవరికైనా గుండె బరువెక్కుతుంది. బాలాంత్రపు రజనీకాంతరావుగారు తీర్చిదిద్దిన సంగీతమూ, ఉషశ్రీగారి ధర్మసందేహాలూ విని పెరిగినవారం. ఆ సంస్థ నేను కోరినవి రెండే చేయవచ్చు. ఒకటి, ప్రతి కేంద్రం ధార చిరునామా బాహాటంగా ప్రకటించి, మార్చినప్పుడు చెప్పడం. రెండు, మాటల కార్యక్రమాలనైనా వారం రోజులపాటు దించుకోవడానికి వీలుగా ఉంచడం. పాటల హక్కుల చిక్కు మాటలకు అంతగా ఉండదు. ఇది జరిగితే నేను పైన చెప్పిన సాఫ్టువేర్ల పురాణంలో సగం అనవసరం. జరిగేదాకా ఎర్రచుక్క తప్పదు.

పోగుచేసేవారు వినరు, మురిసిపోవడమే అన్న ఆక్షేపణలో కొంత నిజం ఉన్నది. రోజంతా పట్టి ఉంచేవారిని నేనెరుగుదును. వారి దగ్గర టెరాబైట్లు ఉన్నవి, తీరిక లేదు. ఏరుకోవాలి. లెక్క చెబుతాను. ధార సెకనుకు 64 కిలోబిట్లు అనుకుంటే అరగంటకు 14.4 మెగాబైట్లు. రోజుకు అరగంట చొప్పున ఏడాదంతా పట్టినా సుమారు ఐదుంబావు గిగాబైట్లు. అంగట్లో దొరికే 32 గిగాబైట్ల పెన్‌డ్రైవులో ఆరేళ్లు పడుతుంది. చోటు కాదు మన కొరత. ఏది పట్టాలో తేల్చుకోవడమే. సినిమా పాటలు వదిలేయండి. వార్తలు వదిలేయండి, మరీ పెద్ద సందర్భమైతే తప్ప. మీ జిల్లా యాస వినిపించే కార్యక్రమం, మీకు తెలిసిన మనిషి మాట్లాడే కార్యక్రమం, వయసు మీద పడ్డ కళాకారుడి గొంతు వదలకండి.

పట్టిన తరువాత రెండు పనులు. మొదటిది, ముందు వచ్చే ప్రకటననూ చివర చెప్పే పేర్లనూ కోసేయకండి. వినసొంపుగా ఉండాలని చాలామంది వాటిని తీసేస్తారు. క్యాసెట్ల రోజుల్లో టేపు మిగులుతుందని తీసేశారు. దాని ఫలితంగా పాడిందెవరో, వ్రాసిందెవరో, ఏ కేంద్రమో తెలియని అనాథ పాటలు ఈనాడు ఎన్నో తిరుగుతున్నాయి. 'ఇంతవరకు మీరు విన్నది' అని ఎనౌన్సరు చెప్పే అరనిమిషమే ఆ ఫైలుకు జన్మపత్రిక. రెండవది, పేరు పెట్టడం. 'రికార్డింగు 1', 'కొత్త రికార్డింగు', 'నాన్నకోసం' వంటి పేర్లతో పదేళ్ల తరువాత మీకే అర్థం కాదు. సంవత్సరం, నెల, తేదీ ఆ వరుసలో అంకెలతో మొదలుపెట్టి, తరువాత కేంద్రం, కార్యక్రమం, మాట్లాడినవారు. సంవత్సరం ముందు పెడితే కంప్యూటరు వాటంతటవే కాలక్రమంలో పేరుస్తుంది. బడిలో హాజరుపట్టీ వ్రాసిన చేతులకు ఇది కష్టం కాదు. రెండు చోట్ల ఉంచండి, రెండోది వేరే ఇంట్లో ఉంటే మరీ మంచిది.

మీలో కొందరు 2005, 2006 నాటికే విన్యాంపుతోనో, రియల్ ప్లేయరుతోనో తెలుగు రేడియో వింటూ దాచినవారున్నారని తెలుసు. అంతకు ముందటి క్యాసెట్లు అటక మీద ఉన్నవారూ ఉన్నారు. సమస్యాపూరణ కార్యక్రమాలూ, పద్యపఠనాలూ, ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ యాసల్లో సాగిన ప్రసంగాలూ మీ దగ్గర ఏవైనా ఉంటే తేదీ, కేంద్రం, మాట్లాడినవారి పేరు వ్రాసి చెప్పండి. ఫైళ్లు పంపమని అడగను, జాబితా చాలు. ఎవరి దగ్గర ఏమున్నదో వరుసగా ఒక పట్టీ తయారుచేస్తాను. నా దగ్గరున్న 43 క్యాసెట్ల జాబితా వచ్చే వారం ఇక్కడే పెడతాను. అందులో తేదీలు లేనివి తొమ్మిది. గొంతు పట్టి కేంద్రమూ కాలమూ చెప్పగలవారు ఎవరైనా ఉంటే సాయం చేయగలరు.